జనరల్ ప్రాక్టీస్ అంటే మెడికోలకు ఎందుకంత చిన్నచూపు?

ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నీ ఒకే విషయం చుట్టూ తిరిగాయి. రాసినవాళ్ళలో ఎంబీబీఎస్ విద్యార్థులున్నారు, వాళ్ళ తల్లిదండ్రులున్నారు, పీహెచ్‌సీ డాక్టర్లున్నారు, పాఠాలు చెప్పే అధ్యాపకులున్నారు. అందరూ విశాఖవాళ్ళు, లేదా చుట్టుపక్కల జిల్లాలవాళ్ళు. ఒకేలాంటి ప్రశ్నల్ని కలిపేశాం. వివరం ఎక్కువ కావలసిన చోట ఎక్కువ రాశాం.

ప్రశ్న: ఫైనలియర్ చదువుతున్నాను. మా బ్యాచ్‌లో ఎవర్నడిగినా రేడియాలజీ, డెర్మటాలజీ, లేదంటే జనరల్ మెడిసిన్ అంటారు. నాకేమో చంటిపిల్లల నుంచి ముసలివాళ్ళ దాకా అందర్నీ చూసే జనరల్ ప్రాక్టీస్ ఇష్టం. ఆ మాట హాస్టల్లో అంటే "ర్యాంకు రాదని ఇప్పుడే డిసైడైపోయావా?" అని నవ్వారు. నా ఆలోచనలో తప్పుందా?
– ఒక విద్యార్థిని, మహారాణిపేట

జవాబు: తప్పేమీ లేదు. అలాగని మీ స్నేహితుల్నీ తప్పుపట్టలేం. వాళ్ళు ఎన్నడూ దగ్గర నుంచి చూడని పని గురించి మాట్లాడుతున్నారు. చిక్కంతా అక్కడే ఉంది.

1961లో అమెరికాలో కెర్ వైట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు ఒక లెక్క కట్టారు. వెయ్యిమంది పెద్దవాళ్ళను తీసుకుంటే ఒక నెలలో 750 మందికి ఏదో ఒక నలత ఉంటుంది. అందులో 250 మంది డాక్టరు దగ్గరకు వెళ్తారు. 9 మంది ఆస్పత్రిలో చేరతారు. అయిదుగురిని ఇంకో డాక్టరు దగ్గరకు పంపిస్తారు. యూనివర్సిటీ ఆస్పత్రి గడప తొక్కేది ఒక్కరే. 2001లో ఇంకో బృందం మళ్ళీ లెక్కవేస్తే మిగతా అంకెలు అటూ ఇటూ అయ్యాయి గానీ బోధనాస్పత్రిలో చేరేవాళ్ళు వెయ్యికి ఒకరికన్నా తక్కువే తేలారు. ఆ దేశం వేరు, మన అలవాట్లు వేరు. అయినా జబ్బు పడ్డవాళ్ళలో అతి కొద్దిమందే పెద్దాస్పత్రి దాకా వస్తారన్నది ఇక్కడా నిజమే.

ఆంధ్రా మెడికల్ కాలేజీ 1923లో మొదలైంది. అప్పటి నుంచీ ఇక్కడి విద్యార్థి వైద్యం నేర్చుకునేది ప్రధానంగా పెద్దాస్పత్రి వార్డుల్లోనే. అంటే మనం ఆ వెయ్యిమందిలో ఒక్కరిని అయిదేళ్ళు చూపించి, మిగతా 249 మందిని చూసే పని ఎలా ఉంటుందో ఊహించుకోమంటున్నాం. ఇక్కడి పెద్దాస్పత్రి కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆస్పత్రి) ఓపీకి దగ్గులూ జ్వరాలూ కూడా వస్తాయి కదా అంటారేమో. వస్తాయి. కానీ ఇవాళ మీరు చూసిన మనిషి వారం తర్వాత మళ్ళీ మీకే కనబడడు. ఆ మందు పనిచేసిందా, అసలు వాడాడా, ఇంట్లో పరిస్థితేమిటి అన్నవి మీకు తెలిసే దారే లేదు. జనరల్ ప్రాక్టీస్‌లో పస ఉన్నదంతా ఆ రెండో రాకలో, పదో రాకలో ఉంటుంది. దాన్ని తీసేస్తే మిగిలేది జలుబు మాత్రలు రాయడమే. అదే చూసి విసుగు పని అనుకుంటారు.

"జనరల్ ప్రాక్టీస్‌లో బుర్రకు పనేముంది" అనే మాటకూ జవాబు ఉండాలి. ఒక పరీక్ష ఉందనుకోండి. జబ్బున్న వందమందిలో 90 మందిని పట్టుకుంటుంది, జబ్బు లేని వందమందిలో 90 మందిని లేదని సరిగ్గా చెబుతుంది. వార్డులో అనుమానంతో చేర్చిన వెయ్యిమందిలో సగం మందికి నిజంగానే ఆ జబ్బు ఉంటే, పాజిటివ్ వచ్చిన ప్రతి పదిమందిలో తొమ్మిదిమందికి అది నిజం. అదే పరీక్షను గోపాలపట్నంలో ఒక క్లినిక్‌కి వచ్చే వెయ్యిమందికి చేశారనుకోండి. అక్కడ జబ్బు నూటికి ఇద్దరికే ఉంటుందనుకుందాం. ఉన్న 20 మందిలో 18 మందికి పాజిటివ్ వస్తుంది. లేని 980 మందిలో 98 మందికి కూడా వస్తుంది. మొత్తం 116 పాజిటివ్‌లలో నిజమైనవి 18, అంటే నూటికి 16 కూడా లేవు. మిషనూ అదే, రియేజెంటూ అదే, అర్థం మాత్రం తిరగబడింది. వార్డులో నేర్చుకున్న అలవాటుతో క్లినిక్‌లో కూర్చున్న డాక్టరు అక్కర్లేని పరీక్షలు రాస్తూ పోతాడు, వచ్చిన తప్పుడు పాజిటివ్‌లకు మందులిస్తాడు. పరీక్ష కన్నా ముందు ప్రశ్న అడగడం, తాకి చూడటం, రెండు రోజులు ఆగి మళ్ళీ చూడటం ఇక్కడ సోమరితనం కాదు. తెలివంతా అందులోనే ఉంది.

చిన్నచూపుకి ఇంకో మూలం రౌండ్స్‌లో ఉంది. బయట సరిగ్గా నడిచిన కేసు వార్డుకి రాదు, చెడిన కేసే వస్తుంది. "బయట ఎవరో స్టెరాయిడ్ పొడిచి పంపారు" అని పదిసార్లు విన్న విద్యార్థికి బయట ఉన్నవాళ్ళందరూ అలాంటివాళ్ళే అనిపిస్తుంది. పైగా మనకు ఆర్‌ఎంపీ చేసిన పనీ, ఎంబీబీఎస్ డాక్టరు చేసిన పనీ ఆ మాటలో కలిసిపోతాయి. ఇది మన ఒక్కరి రోగమే కాదు. బ్రిటన్‌లో 1958లో లార్డ్ మొరాన్ అనే పేరున్న ఫిజీషియన్, జీపీలంటే (జనరల్ ప్రాక్టీస్ చేసే డాక్టర్లంటే) నిచ్చెన ఎక్కలేక జారిపోయినవాళ్ళు అన్న అర్థంలో ఒక రాయల్ కమిషన్ ముందే సాక్ష్యం చెప్పాడు. 2016లో ప్రొఫెసర్ వాలరీ వాస్ ఆధ్వర్యంలో వచ్చిన నివేదిక కూడా మెడికల్ స్కూళ్ళలో జనరల్ ప్రాక్టీస్‌ని కించపరిచే మాటలు ఇంకా వినబడుతున్నాయనీ, అవి విద్యార్థుల ఎంపిక మీద పనిచేస్తున్నాయనీ చెప్పింది. తేడా ఏమిటంటే వాళ్ళు 1952లోనే జీపీల కాలేజీ పెట్టుకున్నారు, 1980ల మొదటికల్లా ప్రత్యేక శిక్షణ లేకుండా జీపీ కావడం కుదరదని చట్టం చేసుకున్నారు. మన దగ్గర లోటు ఆ శిక్షణది.

మీరు చేయవలసింది ఒకటి. వచ్చే సెలవుల్లో రెండు వారాలు, ఒకే చోట పదేళ్ళకు పైగా ప్రాక్టీస్ చేస్తున్న డాక్టరు దగ్గర అనుమతి అడిగి కూర్చోండి. వచ్చినవాళ్ళలో ఎంతమంది ఫైలు చూడకుండానే ఆ డాక్టరుకు తెలుసు, ఎంతమందికి పరీక్ష రాయకుండా తేల్చారు, ఎంతమందిని పైకి పంపారు, ఈ మూడూ రోజూ రాసుకోండి. ఆ పని మీకు సరిపడుతుందో లేదో మీ కాగితమే చెబుతుంది.

ప్రశ్న: మా అబ్బాయి హౌస్‌సర్జన్. పీజీ ఎంట్రన్స్ వద్దు, గాజువాకలోనే క్లినిక్ పెడతానంటున్నాడు. చుట్టాలు "వట్టి ఎంబీబీఎస్సేనా?" అంటున్నారు. మేము భూమి అమ్మి చదివించాం. ఏం చెప్పమంటారు?
– ఒక తల్లి, గాజువాక

జవాబు: అమ్మా, అబ్బాయి కోరిక మంచిదే, వరస మార్చుకుంటే చాలు. జనరల్ ప్రాక్టీస్‌కి పీజీ అక్కర్లేదన్నది పాత లెక్క. దానికే పీజీ ఉంది, పేరు ఫ్యామిలీ మెడిసిన్. మూడు దారులు చెబుతాం. మొదటిది మూడేళ్ళ ఎండీ ఫ్యామిలీ మెడిసిన్. దేశంలో సీట్లు కొద్దే. ప్రభుత్వ కళాశాలల్లో కేరళలోని కోజికోడ్ ముందువరసలో ఉంది. రెండోది మూడేళ్ళ డీఎన్‌బీ ఫ్యామిలీ మెడిసిన్, దీన్ని జాతీయ పరీక్షల బోర్డు నడుపుతుంది. మూడోది అదే బోర్డు ఎంబీబీఎస్ తర్వాత చేసుకునేలా 2020లో తెచ్చిన రెండేళ్ళ డిప్లొమా. మూడింటికీ నీట్ పీజీ రాయాలి. అయితే రేడియాలజీకి కావలసిన ర్యాంకు వీటికి అక్కర్లేదు, కాబట్టి "ఎంట్రన్స్ వద్దు" అనే ముందు ఈ కటాఫ్‌లు ఒకసారి చూడమనండి. దూరవిద్యలో చేసే ఫ్యామిలీ మెడిసిన్ కోర్సులూ ఉన్నాయి. వాటితో చదువు పెరుగుతుంది. బోర్డు మీద స్పెషలిస్టు అని రాసుకునే హక్కు మాత్రం రాదు.

శిక్షణ లేకుండా ఇంటర్న్‌షిప్ అయిన వారమే క్లినిక్ తెరిస్తే ఏమవుతుందో కూడా చెప్పాలి. వార్డులో వెనక పీజీ ఉంటాడు, ఆయన వెనక అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉంటారు. క్లినిక్‌లో వెనక గోడే ఉంటుంది. భయంతో కుర్రవాళ్ళు రెండు తప్పుల్లో ఒకటి చేస్తారు. ప్రతి కేసునీ పైకి పంపేస్తారు, జనం రావడం మానేస్తారు. లేదా ప్రతివాళ్ళకీ యాంటీబయాటిక్, ఇంజెక్షన్, సెలైన్ పెట్టేస్తారు, జనం బాగానే వస్తారు. ఈ రెండోది ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే డబ్బు రావడంతో తప్పు తప్పులా కనబడదు.

రాబడి సంగతి దాచం. మొదటి రెండు మూడేళ్ళు అద్దె, కాంపౌండర్ జీతం పోను మిగిలేది తక్కువ. ఆరోగ్యశ్రీ, ఇప్పటి ఎన్టీఆర్ వైద్యసేవ, ప్రధానంగా ఆస్పత్రిలో చేరే చికిత్సలకు. చిన్న క్లినిక్‌లో ఓపీ ఫీజు రోగి జేబులోంచే రావాలి. అందుకే చాలామంది సాయంత్రం క్లినిక్ చూసుకుంటూ పగలో రాత్రో ఏదైనా ఆస్పత్రిలో డ్యూటీ చేస్తారు, అందులో తప్పు లేదు. తప్పు ల్యాబు కమీషన్‌తో ఆ లోటు పూడ్చుకోవడం. రిఫరల్‌కి గానీ పరీక్షకి గానీ కమీషన్ తీసుకోవడం 2002 నాటి వైద్య నైతిక నియమావళి ప్రకారం నిషిద్ధం. ఆ అలవాటు ఒకసారి పడితే వైద్యం తీరే మారిపోతుంది.

చుట్టాలకు మీరు చెప్పవలసింది ఒక్క వాక్యం: "వాడు ఫ్యామిలీ మెడిసిన్‌లో పీజీ చేస్తున్నాడు." అది నిజమయ్యేలా చూడండి, చాలు.

ప్రశ్న: జనరల్ ఫిజీషియన్, ఫ్యామిలీ ఫిజీషియన్ ఒకటేనా?
– ఒక పాఠకుడు, కంచరపాలెం

జవాబు: కాదు. జనరల్ మెడిసిన్‌లో ఎండీ చేసినవారు పెద్దవాళ్ళకు వచ్చే జబ్బుల నిపుణులు. పిల్లలు, గర్భిణులు, చిన్న సర్జరీలు వారి పరిధి కాదు. ఫ్యామిలీ ఫిజీషియన్ వీటన్నిటిలో తొలి వైద్యం చేస్తారు, ఎవరిని ఎక్కడికి ఎప్పుడు పంపాలో చూసుకుంటారు, తిరిగొచ్చాక మళ్ళీ తామే అందుకుంటారు. బోర్డు మీద "జనరల్ ఫిజీషియన్" అని రాసుకున్న ప్రతివారూ ఎండీ కాకపోవచ్చు. డిగ్రీ చదవండి.

ప్రశ్న: ఇంటర్న్‌షిప్‌లో 12 వారాలు కమ్యూనిటీ మెడిసిన్ పోస్టింగ్. సీనియర్లందరూ "సంతకం పెట్టి రూముకెళ్ళి నీట్ చదువుకో" అంటున్నారు. నిజంగా అక్కడ నేర్చుకోవడానికి ఏమైనా ఉందా?
– ఒక హౌస్‌సర్జన్, మద్దిలపాలెం

జవాబు: ఎంబీబీఎస్ మొత్తం మీద ఒకే రోగిని మళ్ళీ మళ్ళీ చూసే అవకాశం ఈ 12 వారాల్లోనే దొరుకుతుంది. దాన్ని వదులుకోవద్దు. రోజుకు మూడు గంటలు పూర్తిగా పెట్టి, మిగతాది నీట్‌కి వాడుకోండి. ఆ మూడు గంటల్లో ఏం చేయాలో రెండు ఉదాహరణలతో చెబుతాం.

మొదటిది జ్వరం. వానాకాలంలో అర్బన్ హెల్త్ సెంటర్‌కి రెండో రోజు జ్వరంతో ఒక పోర్టు కూలీ వచ్చాడనుకోండి. నాడి, బీపీ, శ్వాస రేటు, ఆక్సిజన్, ఈ నాలుగూ ముందు రాయండి. తర్వాత ప్రశ్నలు: గత నెలరోజుల్లో పాడేరు, అరకు, చింతపల్లి వైపు వెళ్ళారా? మురుగునీటిలోనో పొలంలోనో పనిచేశారా? ఇంట్లో, వీధిలో ఇంకెవరికైనా జ్వరమా? ఆపైన చొక్కా విప్పించి చూడండి. స్క్రబ్ టైఫస్‌లో సిగరెట్ కాలిన మచ్చలాంటి నల్ల పెచ్చు చంకలో, గజ్జల్లో, రొమ్ముల కింద, నడుం పట్టీ దగ్గర ఉంటుంది. నొప్పి ఉండదు కాబట్టి రోగి చెప్పడు, చూస్తేనే దొరుకుతుంది. అది దొరికితే డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, రిపోర్టు కోసం ఆగకుండా మొదలుపెట్టాలి. ఏజెన్సీ ప్రయాణం ఉంటే మలేరియాకి రాపిడ్ కిట్‌తోపాటు స్లైడ్ కూడా. డెంగీ అనుమానమైతే మొదటి అయిదు రోజుల్లో వైరస్‌ని పట్టే ఎన్‌ఎస్1 రక్తపరీక్ష, ఆ తర్వాత ఒంట్లో పుట్టే యాంటీబాడీని పట్టే ఐజీఎం పరీక్ష. రెండో రోజే ఐజీఎం రాసి "నెగటివ్, డెంగీ కాదు" అనేయడం తరచూ జరిగే పొరపాటు.

మందు పారాసెటమాల్ 500 నుంచి 650 మిల్లీగ్రాములు, ఆరు గంటల ఎడంతో, రోజుకు నాలుగుసార్లు దాటకుండా. డైక్లోఫెనాక్ సూది, బ్రూఫెన్ వద్దు, డెంగీ అయితే రక్తస్రావం పెరుగుతుంది.

అసలు నైపుణ్యం ఇప్పుడు మొదలవుతుంది. ఇది ఏ జ్వరమో ఇవాళ మీకు తెలియదు, తెలియకపోవడం సహజం. రోజర్ నైబర్ అనే బ్రిటిష్ జీపీ ఇలాంటి చోట మూడు ప్రశ్నలు వేసుకోమన్నాడు. నా అంచనా సరైనదైతే ఏం జరగాలి? తప్పైతే ఎలా తెలుస్తుంది? అప్పుడు ఏం చేయాలి? వీటి జవాబులు రోగి చేతిలో తెలుగులో రాసి పెట్టండి. "తగ్గకపోతే రండి" అని రాయొద్దు. డెంగీలో ప్రమాదం జ్వరం తగ్గే సమయంలోనే, సుమారు మూడో రోజు నుంచి ఏడో రోజు లోపల మొదలవుతుంది. "తగ్గకపోతే" అని చెబితే తగ్గినవాడు ఇంట్లోనే ఉండిపోతాడు. ఇలా రాయండి: "గురువారం ఉదయం జ్వరం ఉన్నా లేకపోయినా రావాలి. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, మత్తుగా ఉండటం, మూత్రం తగ్గడం, వీటిలో ఏది కనబడినా అర్ధరాత్రయినా కేజీహెచ్ క్యాజువాలిటీకి వెళ్ళాలి." గురువారం ఆయన రాకపోతే ఆశా కార్యకర్తతో కబురు పెట్టండి.

రెండోది షుగరు, బీపీ. మొదటి వారమే పదిమందిని ఎంచుకుని 12 వారాలు మీరే చూడండి. బీపీ చూసే ముందు అయిదు నిమిషాలు వీపు ఆనించి కూర్చోబెట్టాలి, చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి, కఫ్ చేతికి సరిపోవాలి, ఒక నిమిషం తేడాతో రెండుసార్లు తీయాలి. లావు చేతికి చిన్న కఫ్ కడితే బీపీ లేనివాళ్ళకు కూడా ఉన్నట్టు చూపిస్తుంది, జీవితాంతం మందు మొదలవుతుంది. షుగరు రోగి పాదాలను 10 గ్రాముల మోనోఫిలమెంట్‌తో (స్పర్శ చూసే సన్నని నైలాన్ పోగు) పరీక్షించండి. ముందు చేతి మీద ఆనించి ఎలా ఉంటుందో చూపించాలి, తర్వాత కళ్ళు మూయించి, బొటనవేలి కింద, వేళ్ళ మొదళ్ళలో అది వంగేంత మాత్రమే నొక్కాలి. ఆనెకాయల మీద నొక్కొద్దు. స్పర్శ తెలియని చోటు పటం గీసి ఫైల్లో పెట్టండి. చెప్పు సంగతి ఆ రోజే మాట్లాడండి, పుండు పడ్డాక కాదు.

పోస్టింగ్ అయిపోయే వారం ఆ పదిమంది గురించీ తర్వాత వచ్చే హౌస్‌సర్జన్‌కి ఒక్కో పేజీ రాసి వెళ్ళండి. ఇది చేయకపోతే మూడు నెలల పనీ అక్కడికక్కడ తెగిపోతుంది.

ప్రశ్న: ఏజెన్సీ పీహెచ్‌సీలో మెడికల్ ఆఫీసర్‌ని. ఇన్‌సర్వీస్ కోటాలో పీజీ సీటు కోసమే ఇక్కడికి వచ్చానని అందరూ అనుకుంటారు, నిజం చెప్పాలంటే కొంత అందుకే వచ్చాను. ఉన్నన్నాళ్ళూ ఈ పనిని పనికొచ్చేలా చేయడం ఎలా?
– మెడికల్ ఆఫీసర్, పాడేరు డివిజన్

జవాబు: పీజీ కోరుకోవడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు. కోటా శాతాలు, కావలసిన సర్వీసు కాలం జీవోలతో మారుతుంటాయి కాబట్టి మీరు దరఖాస్తు చేసే ఏడాది జీవోనే చూసుకోండి.

పని విషయానికొస్తే, కొండ ప్రాంతంలో ఒక పీహెచ్‌సీకి లెక్క 20,000 జనాభా, మైదానంలో 30,000. ఇంతమందికి మీరొక్కరే అన్నీ చూడలేరు. 2023 ఏప్రిల్‌లో రాష్ట్రంలో ఫ్యామిలీ డాక్టర్ విధానం పూర్తిస్థాయిలో మొదలైనప్పుడు ఉద్దేశం ఇదే: పీహెచ్‌సీకి ఇద్దరు డాక్టర్లు, ఒకరు కేంద్రంలో ఉంటే ఇంకొకరు 104 వాహనంతో ఊళ్ళకు. ఇందులో అతి తేలిగ్గా చెడేది ఒక్కటే, ప్రతిసారీ వేరే డాక్టరు వెళ్ళడం. రోస్టర్ వేసేటప్పుడు ఫలానా ఊళ్ళు ఫలానా డాక్టరువి అని పంచుకోండి, ఏడాది మార్చకండి. నార్వేలో 45 లక్షలమంది రికార్డులు పరిశీలించి 2022లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకే జీపీ దగ్గర 15 ఏళ్ళకు మించి ఉన్నవాళ్ళలో మరణాలు, ఏడాదే ఉన్నవాళ్ళతో పోలిస్తే నూటికి పాతిక వరకు తక్కువ కనిపించాయి. అత్యవసరంగా ఆస్పత్రిలో చేరడం కూడా దాదాపు అంతే తక్కువ. ఇది పరిశీలనాత్మక అధ్యయనం, కారణం ఇదేనని ఖాయంగా తేల్చదు. అయినా ఇంత చవకైన మందు మనకు ఇంకోటి లేదు.

ఊళ్ళోని ఆరోగ్య కేంద్రాన్ని చూసే ఎంఎల్‌హెచ్‌పీతో, ఏఎన్ఎంతో కలిసి ప్రతి ఊరికీ మూడు జాబితాలు ఉంచండి: బీపీ షుగరువాళ్ళు, గర్భిణులు, టీబీ మందు వాడుతున్నవాళ్ళు. వాహనం వచ్చే ముందురోజు ఎవరు రావాలో ఆశాకు పేర్లతో చెప్పాలి. వచ్చినవాళ్ళను చూడటంతో పని సగమే అవుతుంది, రానివాళ్ళ పేర్లు ఆ సాయంత్రమే వేరుగా రాసుకోవాలి. పీజీకి వెళ్ళేటప్పుడు ఫ్యామిలీ మెడిసిన్‌నీ ఒకసారి లెక్కలోకి తీసుకోండి. ఇప్పటికే మీరు చేస్తున్న పనికి చదువు తోడవుతుంది.

ప్రశ్న: బ్రిటన్‌లో జీపీగా వెళ్ళడం తేలికని విన్నాను. దారి చెప్పండి.
– ఫైనలియర్ విద్యార్థి, రుషికొండ

జవాబు: తేలికన్నది పాత మాట. ఇంటర్న్‌షిప్ పూర్తయ్యాక ఇంగ్లీషు పరీక్ష, అంటే ఐఈఎల్‌టీఎస్ అకడమిక్‌లో మొత్తం మీద 7.5, ఏ విభాగంలోనూ 7కి తగ్గకుండా, లేదా వైద్యసిబ్బంది కోసం పెట్టే ఇంగ్లీషు పరీక్ష ఓఈటీలో అన్నింటా బి గ్రేడు. తర్వాత విదేశాల్లో చదివిన డాక్టర్లకు అక్కడ పెట్టే అర్హత పరీక్ష ప్లాబ్: మొదటి భాగం రాతపరీక్ష, రెండో భాగం మాంచెస్టర్‌లో ప్రాక్టికల్. ఆపైన జీఎంసీ (అక్కడి మెడికల్ కౌన్సిల్) రిజిస్ట్రేషన్, ఎంఎస్‌ఆర్‌ఏ అనే ప్రవేశ పరీక్షలో పోటీపడి జీపీ శిక్షణలో సీటు. శిక్షణ మూడేళ్ళు. చివర జీపీల కాలేజీ సభ్యత్వ పరీక్ష ఎంఆర్‌సీజీపీ, అందులో ఒక రాతపరీక్ష, ఇంకోటి నటులతో 12 కన్సల్టేషన్లు, ఒక్కోటి 12 నిమిషాలు. మనవాళ్ళు ఎక్కువగా తడబడేది ఈ రెండోదానిలోనే. ప్రశ్నల వరస వేగంగా చదివేస్తారు, ఎదుటి మనిషి భయం ఏమిటో అడగరు. ఇప్పుడు పోటీ బాగా పెరిగింది. అక్కడి ప్రభుత్వం 2025లో ప్రకటించిన పదేళ్ళ ప్రణాళికలో, అక్కడ చదివినవాళ్ళకు శిక్షణ సీట్లలో ప్రాధాన్యం ఇస్తామని చెప్పింది. ప్లాబ్ పాసై ఉద్యోగం దొరక్క కూర్చునే ప్రమాదం నిజంగానే ఉంది. అప్పు చేసి మాత్రం వెళ్ళొద్దు.

ప్రశ్న: మెడికల్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. విద్యార్థులకు ఈ రంగం మీద గౌరవం కలిగించాలంటే లెక్చర్లు సరిపోతాయా?
– ఒక అధ్యాపకురాలు, విశాఖపట్నం

జవాబు: సరిపోవు. 2017లో బ్రిటన్ మెడికల్ స్కూళ్ళను పోల్చిన అధ్యయనంలో, నిజమైన క్లినిక్‌లో నిజమైన రోగులతో జీపీ బోధన ఎక్కువగా ఉన్న చోట్ల నుంచే ఎక్కువమంది ఆ శిక్షణలో చేరినట్టు కనిపించింది. క్లాస్‌రూమ్‌లో జనరల్ ప్రాక్టీస్ గురించి చెప్పడానికి అలాంటి సంబంధమేమీ కనబడలేదు.

నగరంలో మంచి ప్రాక్టీస్ ఉన్న డాక్టర్లను పదిమందిని ఒప్పించి, ఒక్కొక్కరి దగ్గరకు ఇద్దరేసి విద్యార్థుల్ని పంపండి. ఇద్దరు దాటితే రోగి నోరు విప్పడు. రెండు వారాలు వరసగా కాకుండా, వారానికి ఒక పూట చొప్పున మూడు నెలలు పంపితే అదే రోగి మళ్ళీ కనబడతాడు. విద్యార్థి మూల కూర్చుని చూడటం కాదు, ముందు తానే మాట్లాడి, పరీక్షించి, డాక్టరుకు చెప్పాలి. దీనివల్ల డాక్టరుకు పూట ఆలస్యమవుతుంది కాబట్టి ఆ పూటకు అపాయింట్‌మెంట్లు తగ్గించుకోమనండి, గౌరవవేతనం ఇప్పించండి. ఇది లేకపోతే మూడో వారానికి విద్యార్థి చేతికి ప్రిస్క్రిప్షన్ ప్యాడు మాత్రమే వస్తుంది. ఎన్‌ఎంసీ (జాతీయ వైద్య కమిషన్) ఇప్పటికే పెట్టిన, విద్యార్థి కొన్ని కుటుంబాల ఆరోగ్యాన్ని చూసుకునే కుటుంబ దత్తత కార్యక్రమాన్ని దీనికి కలపండి. దత్తత తీసుకున్న ఇల్లు, వెళ్ళే క్లినిక్ నగరంలో ఒకే మునిసిపల్ వార్డులో ఉంటే చాలు, రెండూ అతుక్కుంటాయి.

రౌండ్స్‌లో మాట మార్చడానికి ఖర్చేమీ లేదు. "ఎవడు చూశాడు ఇది" అనే చోట "మొదటి రోజు ఆ డాక్టరుకు ఏ లక్షణాలు కనబడి ఉంటాయి?" అని పీజీని అడగండి. పచ్చకామెర్లు రాకముందు హెపటైటిస్ ఎలా ఉంటుందో, దద్దురు రాకముందు హెర్పిస్ జోస్టర్ ఎలా ఉంటుందో చర్చ అటు మళ్ళుతుంది. వార్డు మొత్తానికి దానివల్ల వైద్యం నేర్పినట్టూ అవుతుంది. ఇంటర్నల్ పరీక్షలో కూడా ఒక్క ప్రశ్నైనా ఇలా ఇవ్వండి: ఈ రోగిని ఇవాళే పంపించాలా, మూడు రోజులు ఆగవచ్చా, ఎందుకు? మార్కులు లేనిదాన్ని విద్యార్థి నమ్మడు.

ప్రశ్న: డీఎన్‌బీ ఫ్యామిలీ మెడిసిన్ పూర్తయింది. పెందుర్తిలో క్లినిక్ పెట్టబోతున్నాను. మంచాలు లేవు, ఓపీ మాత్రమే. అనుమతులు, సామాను చెప్పగలరా?
– ఒక యువ డాక్టర్

జవాబు: ముందు కాగితాలు. రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌లో ఎంబీబీఎస్ రిజిస్ట్రేషన్‌తోపాటు డీఎన్‌బీని అదనపు అర్హతగా నమోదు చేయించండి. అది కాకుండా బోర్డు రాయించొద్దు. 2002 నాటి రాష్ట్ర ప్రైవేటు వైద్య సంస్థల చట్టం కింద క్లినిక్‌ని జిల్లా వైద్యారోగ్య శాఖ ద్వారా రిజిస్టర్ చేయించాలి. బయోమెడికల్ వ్యర్థాలకు కాలుష్య నియంత్రణ మండలి అనుమతి కావాలి. 2016 నిబంధనల ప్రకారం మంచాలు లేని క్లినిక్‌కి అది ఒక్కసారి తీసుకుంటే చాలు. దాంతోపాటు వ్యర్థాలు తీసుకెళ్ళే ఉమ్మడి కేంద్రంతో ఒప్పందం రాసుకోవాలి. రక్తం అంటిన దూది, కట్లు పసుపు సంచిలో. సిరంజి గొట్టం, సెలైన్ పైపు, గ్లవ్స్ ఎరుపులో. సూదులు, బ్లేళ్ళు గుచ్చుకోని తెల్ల డబ్బాలో. గాజు సీసాలు నీలంలో. అందరూ తప్పేది సూది దగ్గర: వాడిన సూదికి మూత మళ్ళీ పెట్టొద్దు, పెట్టేటప్పుడే వేలికి గుచ్చుకుంటుంది.

సామానులో బీపీ మిషన్‌కి మూడు సైజుల కఫ్‌లు కొనండి. 12 లీడ్ ఈసీజీ, గ్లూకోమీటర్, పల్స్ ఆక్సీమీటర్, నెబ్యులైజర్, పీక్ ఫ్లో మీటర్, ఓటోస్కోప్, కంటిచూపు పటం, మోనోఫిలమెంట్, పిల్లల తూకం మిషన్ మొదటి రోజే ఉండాలి. అల్ట్రాసౌండ్ మాట ఇప్పుడు వద్దు. దానికి లింగనిర్ధారణ నిరోధక చట్టం కింద వేరే రిజిస్ట్రేషన్ కావాలి.

ఎమర్జెన్సీ ట్రే విడిగా, తాళం లేకుండా, మీ చేతికి అందేచోట: అడ్రినలిన్, హైడ్రోకార్టిసోన్, అట్రోపిన్, 25 శాతం డెక్స్‌ట్రోజ్, ఆస్పిరిన్, ఊపిరి అందించే ఆంబూ బ్యాగు పెద్దలదీ పిల్లలదీ, నిండిన ఆక్సిజన్ సిలిండర్, దాని స్పానర్. ఇంజెక్షన్ రియాక్షన్‌కి పెద్దవాళ్ళకు వెయ్యిలో ఒక వంతు అడ్రినలిన్ 0.5 మిల్లీలీటర్ తొడ బయటివైపు మధ్యభాగంలో కండలోకి. అయిదు నిమిషాల్లో తేరుకోకపోతే మళ్ళీ అంతే. ఈ రెండు వాక్యాలూ ట్రే మూత మీద అంటించండి. నెలకోసారి మందుల గడువు, సిలిండర్ ముల్లు చూసి సంతకం పెట్టే పని ఒక మనిషికి పేరుపెట్టి అప్పగించండి. అడ్రినలిన్ ఉండి సిరంజి లేని ట్రేలు, సిలిండర్ ఉండి స్పానర్ లేని గదులు చాలా ఉన్నాయి.

రోగికి కేటాయించే సమయం సంగతి. 67 దేశాల లెక్కలు కలిపి 2017లో ప్రచురించిన పరిశీలనలో డాక్టరు సగటున రోగితో గడిపే సమయం బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు, స్వీడన్‌లో ఇరవై రెండున్నర నిమిషాలు. మొదటి నెలల్లో జనం తక్కువే కాబట్టి కొత్త రోగికి 15 నిమిషాలు, పాత రోగికి 8 నిమిషాలు అలవాటు చేసుకోండి. తర్వాత రద్దీ పెరిగినా ఆ లెక్క తప్పకుండా టోకెన్ల సంఖ్య పరిమితం చేయండి.

రిఫరల్ ఉత్తరం తయారుగా ముద్రించుకోండి. అందులో అయిదు గడులు చాలు: ఏ ప్రశ్నకు జవాబు కోసం పంపుతున్నారు, ఇప్పటిదాకా మీరు చూసినవి అంకెలతో, ఇస్తున్న మందులు మోతాదులతో, పడని మందులు, మీ ఫోన్ నంబరు. "సార్, ప్లీజ్ డూ ద నీడ్‌ఫుల్" అని మాత్రమే రాసి పంపితే అక్కడ పరీక్షలన్నీ మళ్ళీ మొదటి నుంచి చేస్తారు, ఖర్చు రోగిది. నకలు మీ దగ్గర ఉంచుకోండి. రెండు వారాల్లో జవాబు రాకపోతే మీ కాంపౌండర్ చేత రోగి ఇంటికి ఫోన్ చేయించండి.